బాల్ తిరక్కుండానే 619 వికెట్లా? కుంబ్లే మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ఇండియా ఆల్ టైం టెస్ట్ టీం రాసి అందులో మొదటి స్పిన్నర్‌గా టెస్టుల్లో 619 వికెట్లు తీసిన అనిల్ కుంబ్లేని పెట్టాను, ఇంకేముంది, ఉత్తరాలే ఉత్తరాలు. సగం మంది పాతతరం స్పిన్నర్లు ప్రసన్న ఏడీ, బేడీ ఏడీ అని, మిగతా సగం మంది అసలు కుంబ్లే స్పిన్నరేనా అని. అందుకే ఈసారి పేజీ మొత్తం ఆయనకే ఇచ్చేశా. సినిమా ప్రశ్నలు పంపినవాళ్ళు ఒక్క సంచిక ఓపిక పట్టండి.

కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు: అన్నా, కుంబ్లే బాల్ తిరగదు గదా. ఆస్ట్రేలియా వార్న్ బాల్ అర గజం తిరుగుతుండె, శ్రీలంక మురళి బాల్ పాములెక్క పోతుండె, ఈయనది సీదా వస్తుండె. స్లో మీడియం పేసర్‌ను పట్టుకొని నంబర్ వన్ స్పిన్నర్ అంటరేంది?

జ: ఈ మాట నేను ముప్పై ఏళ్ళుగా వింటున్నా తమ్ముడూ, టీ కొట్టు దగ్గర విన్నా, కామెంటరీలో విన్నా, ఇప్పుడు నీ దగ్గర. ఒక సంగతి ఒప్పుకుంటా, వార్న్‌లాగా పెద్ద పెద్ద లెగ్ బ్రేక్‌లు కుంబ్లే వెయ్యలేదు. కానీ బ్యాట్స్‌మన్ ఔటవ్వాలంటే బాల్ గజం తిరగాల్సిన పనేముంది? బ్యాట్ మధ్య నుంచి అంచు దాకా ఉండే దూరం ఎంత, రెండంగుళాలు. ఆ రెండంగుళాలు తిరిగితే చాలు, తిరక్కపోయినా పర్లేదు, తిరుగుతుందని వాడు అనుకుంటే చాలు.

కుంబ్లే చిన్నప్పుడు మీడియం పేస్ వేసేవాడు, లెగ్ స్పిన్‌కి తర్వాత మారాడు. ఆరడుగుల పైన ఎత్తు, చెయ్యి బాగా పైనుంచి వస్తుంది, క్రీజు దగ్గర చిన్న గెంతు. అంత ఎత్తు నుంచి అంత స్పీడ్‌లో టాప్ స్పిన్‌తో పడ్డ బాల్ గ్లవ్స్ దాకా లేస్తుంది, బ్యాట్స్‌మన్ పక్కనే ఉండే షార్ట్ లెగ్ దగ్గర క్యాచ్. జంబో అనే పేరు కూడా అలా వచ్చిందే, ఇరానీ ట్రోఫీలో బాల్ లేస్తుంటే జంబో జెట్ అని సిద్ధూ మొదలెట్టాడు, అది ఉండిపోయింది. ఇంకోటి ఫ్లిప్పర్. చిటిక వేసేటప్పుడు బొటనవేలు, మధ్యవేలు ఎలా జారతాయో అలా వేళ్ళ మధ్య నుంచి బాల్‌ని నొక్కి వదులుతారు, అది పిచ్ మీద పడ్డాక లేవదు, కిందకే జారుకుంటూ దూసుకొస్తుంది. షార్ట్ పడింది కదా అని వెనక్కెళ్ళి పుల్ చేద్దామనుకున్నోడు బ్యాట్ దించేలోపు ప్యాడ్ మీద టప్. టెస్టుల్లో ఆయన తీసిన ఎల్బీడబ్ల్యూలే 150 పైన. ఒకే యాక్షన్‌లో ఒకటి గ్లవ్స్ దాకా లేచి, ఇంకోటి మడమల దగ్గరకి పోతుంటే, ఇక పక్కకి తిరిగితే ఎంత తిరక్కపోతే ఎంత.

పైగా ఇది కొత్తేం కాదు, కర్ణాటకలోనే ఆయనకి ముందు చంద్రశేఖర్ ఉన్నాడు. పోలియో వచ్చిన కుడి చేత్తోనే స్పీడ్‌గా లెగ్ స్పిన్ వేసి 58 టెస్టుల్లో 242 వికెట్లు తీశాడు, 1971లో ఓవల్‌లో 38 పరుగులకి 6 వికెట్లు తీసి ఇంగ్లండ్‌ని కూల్చేశాడు. ఆయన్ని ఎవరూ స్పిన్నర్ కాదనలేదే! కుంబ్లేకి వచ్చేసరికి మాత్రం వార్న్ అదే టైంలో ఆడటం వల్ల పోలిక మొదలైంది. లెగ్ స్పిన్ అంటే వార్న్ వేసినట్టే ఉండాలని జనం ఫిక్స్ అయిపోయారు.

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు: ఢిల్లీ కోట్లాలో కుంబ్లే పది వికెట్లు తీసిన మ్యాచ్ మా నాన్నగారు ఇప్పటికీ కథలు కథలుగా చెప్తారండి. మా తమ్ముడేమో అది అంపైర్ల దయ, పైగా శ్రీనాథ్ కావాలని బయటకి వేశాడు అంటాడు. ఎవరిది కరెక్టు?

జ: మీ నాన్నగారిదే కరెక్టండి, కానీ మీ తమ్ముడు కూడా పూర్తిగా అబద్ధం చెప్పట్లేదు.

1999 జనవరి చివర్లో చెన్నైలో పాకిస్తాన్ చేతిలో 12 పరుగుల తేడాతో ఓడిపోయాం, సచిన్ నడుం నొప్పితో సెంచరీ కొట్టి కూడా ఓడిపోయిన మ్యాచ్ అది, దేశం మొత్తం ఏడుపు మొహం పెట్టుకుని ఉంది. రెండోదీ చివరిదీ ఢిల్లీ టెస్ట్. అసలు ఢిల్లీదే ముందు జరగాలి, పాకిస్తాన్ రావొద్దని కొందరు పిచ్ తవ్వేశారు, అందుకని వెనక్కి జరిపారు. పిచ్ ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. పాకిస్తాన్‌కి 420 టార్గెట్. ఫిబ్రవరి 7న అన్వర్, అఫ్రిదీ మొదలెట్టి వికెట్ పోకుండా 101 కొట్టేశారు. లంచ్ తర్వాత కుంబ్లే ఎండ్ మార్చి పెవిలియన్ వైపు నుంచి వచ్చాడు. అఫ్రిదీ కీపర్ క్యాచ్, ఆ వెంటనే ఇజాజ్ ఎల్బీ, తర్వాత ఇంజమామ్ బౌల్డ్. అక్కణ్ణుంచి ఒక్కరూ నిలబడలేదు. 207కి ఆలౌట్. 26.3 ఓవర్లు, 9 మెయిడెన్లు, 74 పరుగులు, 10 వికెట్లు. ఇండియా 212 పరుగులతో గెలిచింది, టెస్టుల్లో పాకిస్తాన్ మీద 1980 తర్వాత అదే మొదటి గెలుపు.

ఇక దయ సంగతి. అఫ్రిదీ ఆ నిర్ణయం మీద అక్కడే గొడవపడ్డాడు, అవును. అప్పుడు అంపైర్ నిర్ణయాన్ని టీవీలో మళ్ళీ చూడమని అడిగే డీఆర్ఎస్ లేదు, ఆ రోజుల్లో ఏ బౌలర్ లెక్క తీసినా అందులో అటూ ఇటూ అయినవి ఉంటాయి, కుంబ్లేకి రాకుండా పోయిన ఎల్బీలు కూడా బోలెడు. ఇంజమామ్, సలీమ్ మాలిక్ ఇద్దరూ బౌల్డ్, దానికి అంపైర్ ఏం చేస్తాడు! శ్రీనాథ్ విషయానికొస్తే, తొమ్మిది పడ్డాక ఆయన వేసిన ఓవర్లో బాల్స్ వికెట్లకి ఆమడ దూరంలో పోయాయి, వైడ్లు కూడా ఇచ్చారు. స్నేహితుడికి పదో వికెట్ మిగల్చాలనే వేశాడు, అందులో దాపరికం ఏముంది. కానీ అది ఒక్క వికెట్ సంగతే కదా, మిగతా తొమ్మిది కుంబ్లే అప్పటికే తీసేశాడు. చివరిది అక్రమ్, షార్ట్ లెగ్‌లో క్యాచ్ పట్టింది మన లక్ష్మణ్, కెప్టెన్ మన అజహర్, అంటే ఆ రికార్డులో హైదరాబాద్ వాటా కూడా ఉందన్నమాట.

1956లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో జిమ్ లేకర్ తర్వాత ఒకే ఇన్నింగ్స్‌లో పదీ తీసింది కుంబ్లేనే. మూడోవాడు 2021 డిసెంబర్‌లో వచ్చాడు, న్యూజిలాండ్ స్పిన్నర్ ఎజాజ్ పటేల్, తను పుట్టిన ముంబైలోనే మన మీదే తీశాడు. ముగ్గురూ స్పిన్నర్లే, ఇది మీ తమ్ముడికి చెప్పండి.

వైజాగ్ నుంచి ఒక ఇంజినీరింగ్ స్టూడెంట్: హోంలో పులి, అవే‌లో పిల్లి అని ట్రోల్ చేస్తారు. నిజమేనా సార్?

జ: లెక్క చూస్తే సగం నిజం. ఇండియాలో 350 వికెట్లు, ఒక్కోదానికి 25 పరుగుల లోపే. బయట 269, సగటు 35 పైకి పోయింది. ఇది తేడా కాదు అని నేను వాదించను.

కానీ ఎలాంటి టీంతో బయటకెళ్ళాడో కూడా చూడాలి కదా. తొంభైల్లో మనం బయట మ్యాచ్ గెలవడమే అపురూపం, నాలుగో ఇన్నింగ్స్‌లో పాత పిచ్ మీద వేసే ఛాన్స్ స్పిన్నర్‌కి రావాలంటే ముందు మనవాళ్ళు పరుగులు కొట్టాలి, అవతల ఇంకో ఎండ్ నుంచి ఎవరో ఒకరు ఒత్తిడి పెట్టాలి. అవి రెండూ దొరికాక, అంటే 2002 నుంచి, ఏం జరిగిందో చూడు. ఇంగ్లండ్‌లో హెడింగ్లీలో ఇన్నింగ్స్ తేడాతో గెలిచిన మ్యాచ్‌లో 7 వికెట్లు. 2003-04 ఆస్ట్రేలియా టూర్‌లో మొదటి టెస్టులో అసలు ఆడించలేదు, హర్భజన్‌ని ఆడించారు, అతని వేలి దెబ్బ వల్ల కుంబ్లే లోపలికొచ్చాడు, మూడు టెస్టుల్లో 24 వికెట్లు! సిడ్నీలో ఒక్క ఇన్నింగ్స్‌లోనే 141కి 8. అప్పటికే ముప్పై మూడేళ్ళు, ఆ వయసులో కూర్చుని గూగ్లీని, అంటే లెగ్ బ్రేక్‌లాగే వేసి అవతలి వైపు తిప్పే బాల్‌ని, మార్చుకున్నాడు, కాస్త నెమ్మదిగా గాల్లో వదిలే రకం నేర్చుకుని ఆస్ట్రేలియా వాళ్ళ మీద వాడాడు. 2004 ముల్తాన్, అది పాకిస్తాన్ గడ్డ మీద మన మొదటి టెస్ట్ గెలుపు, అందరికీ సెహ్వాగ్ 309 గుర్తుంటుంది, రెండో ఇన్నింగ్స్‌లో కుంబ్లే 72కి 6 తీసింది ఎవరికీ గుర్తుండదు. 2006 కింగ్‌స్టన్‌లో కూడా చివరి ఇన్నింగ్స్‌లో 78కి 6, వెస్టిండీస్‌లో 35 ఏళ్ళ తర్వాత సిరీస్ గెలిచాం.

కెరీర్ మొదటి సగంలో బయట మామూలు బౌలర్, రెండో సగంలో మ్యాచ్‌లు గెలిపించిన బౌలర్. నా లెక్క ఇది. ట్రోల్ చేసేవాళ్ళకి మొదటి సగమే కనపడుతుంది.

నెల్లూరు: దవడ విరిగినా బౌలింగ్ చేశాడంటారు, అది హీరోయిజమా, మూర్ఖత్వమా?

జ: డాక్టర్‌ని అడిగితే రెండోదే అంటాడు. 2002, వెస్టిండీస్‌లో ఆంటిగ్వా టెస్ట్. బ్యాటింగ్ చేస్తుంటే మెర్విన్ డిల్లన్ బౌన్సర్ తగిలి దవడ విరిగింది, సర్జరీకి బెంగళూరు వెళ్ళాలి, టికెట్ కూడా రెడీ. ఊరికే కూర్చోలేక తలచుట్టూ బ్యాండేజ్ కట్టించుకుని వచ్చి వరసగా 14 ఓవర్లు వేశాడు. లారా ఎల్బీడబ్ల్యూ. ఆ మ్యాచ్ డ్రా అయింది, అంటే ఆ 14 ఓవర్ల వల్ల రిజల్ట్ ఏం మారలేదు. నా పిల్లాడైతే మాత్రం పోనివ్వను.

గుంటూరు నుంచి ఒక తండ్రి: మావాడు ఇంటర్ ఎంపీసీ. క్రికెట్ అంటూ చదువు వదిలేస్తానంటున్నాడు. కుంబ్లే చదివాడా సార్? ఒక మాట రాయండి, వాడికి చూపిస్తాను.

జ: చదివాడండి. బెంగళూరు ఆర్‌వీ కాలేజీలో మెకానికల్ ఇంజినీరింగ్. 1990 ఏప్రిల్‌లో షార్జాలో మొదటి వన్డే ఆడాడు, ఆగస్టులో మాంచెస్టర్‌లో మొదటి టెస్ట్, సచిన్ మొదటి సెంచరీ కొట్టిన మ్యాచ్ అదే. కళ్ళజోడు పెట్టుకుని వచ్చిన కుర్రాణ్ణి చూసి బ్యాంకు ఉద్యోగి అనుకునేలా ఉండేవాడు. ఆ టెస్ట్ తర్వాత మళ్ళీ టెస్ట్ ఆడటానికి 1992 దాకా ఆగాల్సొచ్చింది, ఆ మధ్యలో డిగ్రీ చేతికొచ్చింది. చూపించాల్సింది ఇదే మీవాడికి, ఇండియాకి ఆడాక కూడా మనిషి సబ్జెక్టులు వదల్లేదని.

సరదా ఏంటంటే మన స్పిన్నర్లలో ఇంజినీర్ల లిస్టు చాలా పెద్దది. ప్రసన్న 1962లో టెస్టులాడి చదువు కోసం పక్కకెళ్ళి మళ్ళీ 1967లో వచ్చాడు, వెంకట్రాఘవన్ ఇంజినీరే, అశ్విన్ ఐటీ ఇంజినీర్. శ్రీనాథ్ కూడా ఇంజినీరే అనుకోండి, కానీ ఆయన ఫాస్ట్ బౌలర్. అలాగని మీవాణ్ణి భయపెట్టడానికే ఈ పేజీ వాడకండి సార్. పొద్దున ప్రాక్టీసుకి మీరు బండి మీద దింపితే, సాయంత్రం వాడు పుస్తకం తీస్తాడు, బేరం అలా పెట్టుకోండి.

కోనసీమ నుంచి ఒక పాఠకుడు: కుంబ్లే, కుంబ్లే అంటున్నారు గానీ మా ఆలమూరు వెంకటపతి రాజు గురించి ఒక్క ముక్క రాయరేంటండీ బాబూ? మనోడు కాదా?

జ: ఆయ్, తప్పకుండా రాస్తానండి. ఆలమూరులో పుట్టి హైదరాబాద్‌కి ఆడిన ఎడమచేతి స్పిన్నర్. 1990 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్‌లో మొదటి టెస్ట్, ఆట ముగిసే వేళ వికెట్ కాపాడమని నైట్ వాచ్‌మన్‌గా పంపిస్తే పాతుకుపోయి 31 కొట్టాడు. సన్నగా పుల్లలా ఉండేవాడని టీంలో వెటకారంగా మజిల్స్ అని పిలిచేవారు. అదే ఏడాది నవంబర్‌లో చండీగఢ్‌లో శ్రీలంక మీద 17.5 ఓవర్లు, 12 పరుగులు, 6 వికెట్లు. మళ్ళీ చదవండి, పన్నెండు పరుగులే. లంక 82కి ఆలౌట్.

1993లో ఇంగ్లండ్‌ని 3-0తో ఊడ్చిన సిరీస్‌లో కుంబ్లే 21, రాజు 16, మూడోవాడు రాజేష్ చౌహాన్. అప్పట్లో ముగ్గురు స్పిన్నర్లతో దిగేవాళ్ళం. కుంబ్లే ఒకవైపు నుంచి స్పీడ్‌గా ఊపిరాడకుండా వేస్తుంటే అవతల రాజు నెమ్మదిగా గాల్లో ఊరించేవాడు, కుంబ్లేని తప్పించుకున్నోడు ఇక్కడ దొరికేవాడు. కుంబ్లే తొలి రోజుల వికెట్లలో రాజు కష్టం కూడా ఉంది అంటాను నేను. 1994 ఫిబ్రవరిలో అహ్మదాబాద్‌లో రాజు మ్యాచ్ మొత్తం మీద 11 వికెట్లు తీశాడు, కానీ అందరికంటే ఎక్కువ టెస్ట్ వికెట్లు తీసిన హాడ్లీ రికార్డుని కపిల్ దేవ్ దాటింది ఆ టెస్టులోనే, ఇక రాజు గురించి పేపర్లో చోటెక్కడిది.

మొత్తం 28 టెస్టులు, 93 వికెట్లు. వందకి ఏడు తక్కువ. చివరి టెస్ట్ ఏదో తెలుసా? 2001లో ఆస్ట్రేలియా మీద కోల్‌కతా, లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180, హర్భజన్ హ్యాట్రిక్, ఆ మ్యాచే. భుజం సర్జరీతో కుంబ్లే ఆ సిరీస్‌కి లేడు, హర్భజన్‌కి తోడు ఎవరా అని ఒక్కో టెస్టుకి ఒక్కొక్కణ్ణి ట్రై చేస్తూ కోల్‌కతాకి రాజుని పిలిచారు. అదీ ఆఖరు.

హైదరాబాద్ స్పిన్నర్లకి ఇదొక రాత అనుకుంటా. శివలాల్ యాదవ్ 35 టెస్టుల్లో 102 వికెట్లు తీసినా ఇవాళ్టి పిల్లలకి పేరు తెలీదు. ప్రజ్ఞాన్ ఓఝా అయితే మరీ దారుణం, 2013లో ముంబైలో సచిన్ వీడ్కోలు టెస్టులో 10 వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు, ఆ తర్వాత ఇంకో టెస్ట్ ఆడలేదు! 24 టెస్టులు, 113 వికెట్లు, ఇంటికి. మురళీధరన్ 800వ వికెట్‌గా కూడా ఈయన పేరే ఉంటుంది, గాలేలో. ఇప్పుడైతే ఆశ అంతా కడప అమ్మాయి శ్రీచరణి మీదే, ఎడమచేతి స్పిన్నరే, 2025 జూన్‌లో నాటింగ్‌హామ్‌లో మొదటి టీ20లోనే 12 పరుగులకి 4 తీసింది, అదే ఏడాది నవంబర్‌లో వరల్డ్ కప్ గెలిచిన టీంలో ఉంది. ఈ అమ్మాయినైనా ఎక్కువ కాలం ఆడిస్తారని చూస్తున్నా.

అనంతపురం నుంచి ఒక తల్లి: మా బాబుకి పదమూడేళ్ళు. లెగ్ స్పిన్ వేస్తాడు, స్పీడ్ ఎక్కువ, టర్న్ తక్కువ. కోచ్ స్లోగా వెయ్యమంటారు, స్లోగా వేస్తే దెబ్బలు తింటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జ: అమ్మా, కోచ్ గారు గ్రౌండ్‌లో ఉన్నారు, నేను కుర్చీలో ఉన్నాను, ఆ తేడా గుర్తుపెట్టుకుని వినండి. బాబుకి సహజంగా వచ్చిన స్పీడ్ తీసెయ్యొద్దు అంటాను. అఫ్గానిస్తాన్ రషీద్ ఖాన్ వేసేదీ స్పీడే. కానీ స్పీడ్‌గా వేసే లెగ్ స్పిన్నర్‌కి లెంగ్త్ మీద పట్టు లేకపోతే పని ఖాళీ, ఎందుకంటే నెమ్మదిగా వేసేవాడు గాల్లో మోసం చెయ్యొచ్చు, ఇతనికి ఆ ఛాన్స్ తక్కువ, పడాల్సిన చోటే పడాలి. కాబట్టి ఒక చోట టవల్ పరిచి దాని మీద బాల్ వెయ్యడం, ఇదొక్కటే కొన్నాళ్ళు. గూగ్లీ, ఫ్లిప్పర్ అంటూ యూట్యూబ్ చూసి మొదలెడితే ఆపండి, ముఖ్యంగా ఫ్లిప్పర్, భుజం మీద భారం పడుతుంది, ఎదిగే ఒళ్ళు. కుంబ్లే అంతటివాడికే భుజం కోయించుకోవాల్సొచ్చింది. మరీ నొప్పి అంటే మాత్రం ప్రాక్టీస్ అని పంపకండి, డాక్టర్‌కి చూపించండి. కోచ్‌తో గొడవపడొద్దు, స్లోగా వెయ్యడం కూడా నేర్చుకోనివ్వండి, కుంబ్లే ముప్పై దాటాక నేర్చుకున్నది అదేగా.

నల్గొండ: ఓవల్‌లో సెంచరీ కొట్టింది కుంబ్లేనేనా, నిజంగనా?

జ: నిజంగనే. 2007 ఆగస్టు, 110 నాటౌట్, 118వ టెస్టులో మొదటి సెంచరీ. ద్రావిడ్, సచిన్, గంగూలీ, లక్ష్మణ్ అందరూ ఉన్న ఆ సిరీస్‌లో ఇండియా తరఫున వచ్చిన ఒకే ఒక్క సెంచరీ అది. నవ్వొస్తుంది గానీ నిజం.

హైదరాబాద్, కూకట్‌పల్లి: 619ని దాటే ఇండియన్ బౌలర్ మన జీవితంలో వస్తాడా?

జ: కష్టం. దగ్గరికొచ్చింది అశ్విన్, 106 టెస్టుల్లో 537 తీసి 2024 డిసెంబర్‌లో ఆస్ట్రేలియా టూర్ మధ్యలో బ్యాగ్ సర్దుకుని వచ్చేశాడు. కుంబ్లే ఆడింది 132 టెస్టులు, వేసింది 40,850 బాల్స్, అంటే ఒక్కో టెస్టుకి 50 ఓవర్ల పైనే. దానికి తోడు 271 వన్డేలు, వాటిలో 337 వికెట్లు. ఇప్పుడు స్పిన్నర్‌కి నాలుగు ఓవర్లు వేస్తే కోట్లు వస్తున్నాయి, టెస్టులు మూడు రోజుల్లో అయిపోతున్నాయి, అంతంత ఓవర్లు వేసే భుజమూ లేదు, వేయించే కెప్టెనూ లేడు. మీవాడెవడన్నా ఉంటే చెప్పండి, వచ్చే సంచికలో ఫొటో వేస్తా.